కంప్యూటర్‌కు ఇంకా తెలియని సంగతి

కొత్తకోట,
జూలై 1998.

రఘుపతి బావకు,

ఇక్కడ అందరం బాగున్నాం. అక్కను అడిగానని చెప్పు. నువ్వు హైదరాబాదులో కంప్యూటర్ల దగ్గర పనిచేస్తున్నావు కాబట్టి ఒక సంగతి అడగాలని రాస్తున్నాను.

నా జీపుకు లైటు వెలగలేదని పోలీసులు కేసు రాశారు కదా. ఆ జుర్మానా కోర్టులో ఎప్పుడో కట్టేశాను. ఇప్పుడు ఆర్టీసీ డ్రైవరు ఉద్యోగానికి పిలుపు వస్తే, లైసెన్సు రెన్యువల్ కోసం జిల్లా రవాణా ఆఫీసుకు వెళ్లాను. అక్కడ కొత్తగా పెట్టిన కంప్యూటర్‌లో నా కేసు ఇంకా నడుస్తూనే ఉంది, అది ఉంటే రెన్యువల్ చేయరట. మర్నాడే కాగితాలివ్వడానికి ఆఖరు రోజు.

గుమస్తా మంజులత, "కోర్టు నుంచి కాయిదం రాలేదన్నా. ఎవరన్న చెప్తేనే దీనికి తెలుస్తది" అంది.

"రసీదు నా చేతులనే ఉన్నది గదమ్మా, దీనికి కనబడదా?" అన్నాను.

ఆమె నవ్వి, తానే పక్కనున్న కోర్టుకు వెళ్లి కాగితం తెచ్చింది. నన్ను లోపలికి పిలిచి, నా ముందే మీటలు నొక్కింది. కేసు మాయమైంది. ఉద్యోగం కూడా వచ్చింది బావా, సోమవారం నుంచి డ్యూటీ. కానీ అట్లా తీసేసిన కేసు ఎటు పోతుంది? లోపలెక్కడైనా దాగి ఉంటుందా?

ఇంకొకటి. ఆ తెర మీద నా పేరు కింద, తండ్రి అన్నచోట బాపు పేరు కూడా ఉంది. ముందు కీర్తిశేషులు అని లేదు, ఉత్త బాలయ్య అనే ఉంది. మొన్న ఎండాకాలంలో బాపు చనిపోయిన సంగతి దానికి ఎవరూ చెప్పలేదు.

"అన్నీ సరిగ్గ ఉన్నయా, అన్నా?" అని మంజులత అడిగింది.

"ఉన్నయమ్మా" అన్నాను.

నీ బామ్మర్ది