దొరది పొగరు కాదు, దురద

బావా,

ఫ్రిజ్ మీది నీలం డబ్బాలో ఉన్న తిండి తప్ప దొరకి ఇంకేమీ పెట్టకండి. వాడికి ఏ తిండి పడట్లేదో తేలాలంటే ఎనిమిది వారాలు అదొక్కటే. మీరు బల్ల కింద నుంచి బిస్కెట్ ముక్కలు అందించడం నేను చూడలేదనుకోకండి. ఒళ్ళు కొరుక్కోకుండా మెడకి పెట్టిన ప్లాస్టిక్ గరాటు విప్పకండి. బట్టల సబ్బుతో స్నానం అసలే వద్దు.

"కుక్కకి స్కిన్ స్పెషలిస్టా? రేపు పెళ్ళి సంబంధం కూడా చూస్తావా?" అని నవ్వారుగా. ఆ డాక్టరమ్మ వాడి పొట్ట చూసి, "దీనికి ఇంజన్ ఆయిల్ రాసిందెవరు?" అనడిగింది. "మా బావగారండీ. మెకానిక్. ఆయనకి లారీ అయినా కుక్క అయినా ఒకటే వైద్యం" అన్నాను. వాడికి ఉన్నది ఎలర్జీ. మిమ్మల్ని సతాయించడానికి గోక్కోవడం లేదు. నెలకొకటి వేసే కొత్త ఇంజెక్షన్ నిన్న వేశారు. దురద పుట్టించేదాన్నే అది అడ్డుకుంటుందట. ఇవాళ పొద్దున వాడు ఒక్కసారి కూడా గోక్కోకుండా మూడు గంటలు పడుకున్నాడు. రెండేళ్ళలో ఇదే మొదటిసారి.

సాయంత్రం వచ్చి వాడిని తీసుకుపొమ్మని గోడౌన్ వాచ్‌మన్‌తో మాట్లాడుకున్నారట కదా, అక్క చెప్పింది. ఫోన్ చేసి రావద్దన్నాను. కోపమొస్తే నా కుట్టు షాపులోనే ఉంటాను, వచ్చి అరవండి.

మీ మరదలు

తా.క. పొద్దున మీరు మెట్లు దిగుతున్న చప్పుడికి నిద్దట్లోనే తోక ఊపాడు. మీరు వదిలించుకుంటున్నారని ఆ పిచ్చివాడికి ఎవరూ చెప్పినట్టు లేదు.