అంగరక్షకురాలికి ఉద్వాసన

వల్దివియా,
ఆగస్టు 9, శనివారం.

యస్నాకు,

ఓర్వెల్ కోట దొరసాని ఇసాండ్ర, తన అంగరక్షకురాలైన పొడుగుచెవుల ఎల్ఫ్ సాయెల్ క్షేమం కోరి రాస్తున్నది. మనం పాచికలతో పాత్రలు కట్టే ఆటలో నీ సాయెల్ లాంటి అంగరక్షకురాలిని తొలగించాలంటే దొరసాని పాత్ర వేసేవాళ్ళు స్వయంగా ఉత్తరం రాయాలన్నది మన ఆటబల్ల కట్టుబాటు కదా, అదే ఇది. బయట ఎడతెగని చలికాలపు వాన. మన ఆటలో కౌంట్ దోర్వాన్ అయిన బస్తియాన్ వేడి సోపైపియాలు, అవే గుమ్మడికాయ పూరీలు, తింటూ నా భుజం మీదుగా చదువుతున్నాడు. “కానీయ్ రాణీగారూ, ఆ చెవులదాన్ని త్వరగా సాగనంపు. పోస్టాఫీసు మూసేస్తారు,” అంటున్నాడు.

కాబట్టి విను సాయెల్. కౌంట్ దోర్వాన్‌ని పెళ్ళాడాక నాకు వేరే కాపలా అవసరం లేకపోయింది. కోట తాళాలు ఆయన నడుముకే ఉంటాయి, నేనైతే పారేసుకుంటానని. కబుర్లు తెచ్చే పావురాలు కూడా ముందు ఆయన చేతి మీదే వాలుతున్నాయి. వాటిలో నాకు మంచివేవో ఏరి చెబుతాడు. దారి బాగాలేదట, విద్యాపీఠానికి వెళ్ళడం మానేశాను. మొన్న మెట్ల మీద జారి మణికట్టు బెణికింది, అందుకే అక్షరాలు వంకర. కౌంట్ వెంటనే వైద్యుణ్ణి పిలిచాడని రాయమంటున్నాడు బస్తియాన్. పిలిచాడు.

నువ్వు మొదటి ఆటలో విషం కలిపిన సూపు నాకంటే ముందు తాగి, పాచికలు వేసి, చావు తప్పించుకుని, మూతి తుడుచుకుంటూ “ఉప్పు తగ్గింది దొరసానీ” అన్నావు. బల్లంతా పడీపడీ నవ్వారు. ఆ నవ్వు ఇప్పటికీ అప్పుడప్పుడూ వినిపిస్తుంది.

నీ ప్రమాణం నీకు తిరిగి ఇచ్చేస్తున్నాను. ఇక నన్ను కాపాడే పని నీకు లేదు. నీ ఆకుపచ్చ శాలువా కూడా పంపడం మర్యాదే గాని, ఇక్కడ చలి ఎక్కువ, ఉంచుకుంటున్నాను.

ఇట్లు,
ఓర్వెల్ కోట దొరసాని ఇసాండ్ర
(ఇగ్నాసియా)

తా.క. ఇది కాగితం అంచు చుట్టూ తీగల్లా గీస్తున్నాను, కాలేజీలో వెనక బెంచీలో కూర్చుని మనం కల్పించుకున్న ఎల్ఫ్ లిపిలో. బస్తియాన్ ఉత్తి అలంకారమనుకున్నాడు. “పువ్వులు కూడా వెయ్యి” అన్నాడు. వేశాను.

మా ఇంట్లో మెట్లు లేవు యస్నా, నీకు తెలుసు. ఆ రోజు బల్ల దగ్గర కౌంట్ వేషంలో అతను నా చెయ్యి మెలిపెడితే అందరూ “అబ్బ, ఏం నటిస్తున్నాడ్రా!” అని చప్పట్లు కొట్టారు. కొట్టనిదానివి నువ్వొక్కదానివే. అందుకే అతను నీకీ ఉద్వాసన రాయిస్తున్నాడు. నా ఫోను అతని దగ్గరే ఉంది. పనికి వెళ్తూ బయట తాళం వేస్తాడు. అమ్మకి ఫోన్లో నేను నిద్రపోతున్నానని చెబుతాడు.

నువ్వు పెట్టిన నియమమే, మర్చిపోలేదుగా? దొరసాని పిలవందే ఎల్ఫ్ ఆమె గడప దాటి లోపలికి రాదు. కిటికీకి శాలువా కనిపిస్తే మాత్రం ఎవర్నీ అడగదు, తలుపు బద్దలుకొట్టి వస్తుంది. ఒక్కదానివే రాకు, పోలీసుల్ని వెంటబెట్టుకుని రా. పగలు రా.

శాలువా వీధివైపు కిటికీకి కట్టేశాను. అడిగితే ఆరేశానంటాను, ఈ వానలో.