వైట్ రివర్‌లో ఇరుక్కున్న స్టీమరు

ఇండియానాపొలిస్

బావగారికి నమస్కారాలు.

మీ చెల్లెలి అస్థికలు ఇక్కడ వైట్ రివర్‌లో కలపొద్దని, గోదావరికే తెమ్మని ఫోన్‌లో మీరన్నారు. ఇదీ నదేగా అని నేను వాదించాను.

మళ్లీ మొదలెట్టాడనుకోకండి. రెండొందల ఏళ్ల కిందట ఇక్కడి పెద్దలు ఈ నదిలో పడవలొస్తాయని నమ్మే, అడవి మధ్య తమ రాష్ట్రానికి ఈ రాజధాని కట్టడానికి చోటు చూశారు. మరుసటి వేసవిలోనే జ్వరాలకి చాలామంది పోయారు. పదేళ్లకి ఒక స్టీమరు వచ్చింది గానీ, తిరుగుదారిలో ఇరుక్కుపోయింది. వచ్చిన ప్రతివాళ్లకీ నేనిది చెబుతుంటే, మీ చెల్లెలు కాఫీ అందిస్తూ, "ఇవాళైనా ఆ పడవని కదలనివ్వండి" అనేది.

నిన్న అస్థికల చెంబు పట్టుకుని ఒడ్డుకి వెళ్లాను. ముందు రెండు చామంతులు వేశాను. అవి జానెడు దూరం వెళ్లి బురదలో ఆగిపోయాయి. తననీ అక్కడ వదలడానికి చేతులు రాలేదు. చెంబు ఇంటికి తెచ్చేశాను.

మీ మాటే నెగ్గింది. నన్ను డాక్టరు విమానం ఎక్కొద్దన్నాడు కాబట్టి, మీరే వచ్చి తనని తీసుకెళ్లండి.

నిజానికి నీళ్లు పెరిగాక ఆ స్టీమరు కదిలి వెళ్లిపోయింది. ఆ ముక్క నేనెవరికీ చెప్పలేదు. చెబితే మీ చెల్లెలు ఆ మాట అనడం మానేస్తుందని.

మీ రాక కోసం చూసే,
మీ బావ