పెచ్చులూడే పది రోజులు

అక్కా,

ముందే చెబుతున్నాను, ఈ ఉత్తరం పొయ్యి దగ్గర నిలబడి చదవకు. కూర్చుని చదువు. ఫోన్ చెయ్యొచ్చు కదే అంటావని తెలుసు. ఫోన్లో నువ్వు నన్ను ఒక్క మాట కూడా పూర్తి చెయ్యనివ్వవు. కాగితానికైతే అడ్డం రాలేవు.

నేను కనుబొమలకీ పెదాలకీ రంగు పొడిపించుకుంటున్నాను. పచ్చబొట్టు లాంటిదే. కాకపోతే చర్మం పైపైనే పొడుస్తారు, రెండు మూడేళ్ళకి వెలిసిపోతుంది. "నలభై మూడేళ్ళొచ్చాక ఈ సోకులేమిటే" అని నువ్వనే మాట నాకిక్కడికే వినబడుతోంది. బొమలెందుకో నీకు చెప్పక్కర్లేదు. పెదాలెందుకంటావా, ఇష్టం కనుక. అంతే.

పోయిన బుధవారం మా కళ్ళజోళ్ళ షాపులో ఒక పూట సెలవడిగి వెళ్ళాను. దర్జీ షాపు పైన రెండు గదులు, కింద మిషన్లు తొక్కుతుంటే పైన నేల సన్నగా అదురుతూ ఉంటుంది. పొడిచే ఆవిడ నాకంటే పదేళ్ళు చిన్నదయ్యుంటుంది. మనిషి బక్కగా, మాట సూటిగా ఉంది. మనసులో సూదమ్మ అని పేరు పెట్టేశాను. వెళ్ళగానే పడుకోబెట్టేస్తుందనుకున్నానా, ముందు రెండు పేజీల కాగితం చేతికిచ్చింది. రక్తం పలచబడే మాత్రలేమైనా వాడుతున్నారా, దెబ్బ తగిలితే మచ్చ ఉబ్బే ఒళ్ళా, పెదాల మీద ఎప్పుడైనా పొక్కులొచ్చాయా. చిన్నప్పుడు జ్వరమొస్తే చాలు నాకు పొక్కులు లేచేవి కదా, అదే రాశాను. అయితే డాక్టర్నడిగి ముందు నుంచే మాత్ర వేసుకోవాలట, లేకపోతే సూది తగలగానే అవి మళ్ళీ తయారవుతాయట. ఆఖర్న ఒక ప్రశ్న: బొమల వెంట్రుకలు ఎందుకు పోయాయి? చెయ్యి తడబడకుండా 'థైరాయిడ్' అని రాసేశాను. ఇన్నేళ్ళ అలవాటు మరి.

ఆవిడ దీపం దగ్గరికి లాక్కుని, భూతద్దం పెట్టి చాలాసేపు చూసింది.

"నేను డాక్టర్ని కాదండీ. కానీ థైరాయిడ్ బొమలు చాలా చూశాను. వాళ్ళకి ఎక్కువగా చివర్లు పోతాయి. మీకు మధ్యలో పోయింది, కుడివైపు ఇంకా ఎక్కువ. అక్కడక్కడా పొట్టి మొలకలున్నాయి. మీరే పీక్కుంటున్నారా?"

భోరుమన్నానక్కా. కొత్త మనిషి ముందు, చెప్పులు కూడా విప్పకుండా, చిన్నపిల్లలా ఏడ్చాను. ఆవిడ కంగారు పడలేదు, ఓదార్చలేదు. టిష్యూల డబ్బా నా వైపు జరిపి, ఏడుపు ఆగాక చెప్పింది.

"కూపీ లాగడానికి అడగలేదండీ. పొడిచాక నాలుగో రోజు నుంచి పెచ్చులు కడతాయి, పదో రోజుకల్లా వాటంతటవే ఊడిపోతాయి. ఆ రోజుల్లో దురద ప్రాణం తీస్తుంది. గిల్లారంటే పెచ్చుతో పాటు రంగూ వచ్చేస్తుంది, మచ్చ కూడా పడొచ్చు. అందుకే పీక్కునే అలవాటున్నవాళ్ళకి ఒక్క షరతు మీదే చేస్తాను. సంగతి తెలిసిన మనిషి ఒకరు ఇంట్లో ఉండాలి. చేసే రోజు వాళ్ళని వెంటబెట్టుకు రండి. ఎవరికీ తెలీదంటారా, నేను సూది పట్టను."

మా ఇంట్లో ఉండేది ఒక్కరే. మా ఆయన.

ఇప్పుడు నీకు తెలియని సంగతి. పెళ్ళయిన నెలకి, ముఖం కడుక్కుని వస్తున్న నన్ను చూసి మా అత్తగారు "ఇదేంటమ్మా, బొమలేవీ?" అంటే, పక్కనే ఉన్న నువ్వు టక్కున "థైరాయిడండీ, మందులు వాడుతోంది" అన్నావు. నన్ను కాపాడావు, కాదనను. కానీ నువ్వు మీ ఇంటికి వెళ్ళిపోయావు, ఆ మాట మా ఇంట్లో ఉండిపోయింది. మందేదీ అని ఆయన అడిగితే ఏం చూపించను? ఒక సీసాలో విటమిన్ మాత్రలు పోసి పెట్టాను. థైరాయిడ్ మాత్ర పరగడుపున వేసుకోవాలనీ, అరగంట దాకా కాఫీ ముట్టకూడదనీ ఆయన ఎవర్నో అడిగి తెలుసుకున్నాడు. అప్పట్నుంచీ రోజూ పొద్దున్నే మాత్రా గ్లాసుడు నీళ్ళూ ఆయనే తెచ్చిస్తాడు. నన్ను కూర్చోబెట్టి తనొక్కడే తాగడం బాగుండదని తనూ ఆగుతాడు. కాఫీ అంటే ప్రాణం పెట్టే మనిషి, పంతొమ్మిదేళ్ళుగా రోజూ అరగంట గడియారం చూసుకుంటూ కూర్చుంటున్నాడు. ఎదురుగా ఆ అరగంట నేనెలా కూర్చుంటానో నాకే తెలుసు.

సూదమ్మ షరతు పెట్టిందని కాదు, ఇక నావల్ల కావడం లేదు. ఆయనకి చెప్పేద్దామనుంది. చెబితే అబద్ధం మొదలుపెట్టింది నువ్వని కూడా తేలుతుంది. ఆయనకి నువ్వంటే ఎంత గౌరవమో తెలుసు కదా. అందుకే అడుగుతున్నాను. చెప్పెయ్యనా?

నీ
పిచ్చుక

*

అక్కా,

నీ జవాబు అందింది. "చెప్పకు" అని మూడుసార్లు రాశావు, మూడోదాని కింద కాగితం చిరిగేలా గీత గీశావు. అదొచ్చేసరికే చెప్పేశాను. నీ మాట వచ్చేదాకా ఆగి ఉంటే ఇక ఈ జన్మకి చెప్పేదాన్ని కాదు.

ఆదివారం పొద్దున్న ఎప్పట్లాగే మాత్ర తెచ్చాడు. చెయ్యి చాపకుండా ఒక్క గుక్కలో అనేశాను. "ఇది థైరాయిడ్ మాత్ర కాదండీ. నాకు థైరాయిడ్ లేదు, ఎప్పుడూ లేదు. బొమలు నేనే పీక్కుంటాను."

"ఎప్పట్నుంచి?"

"పన్నెండో ఏట నుంచి."

"మరి ఈ మాత్ర?"

"విటమిన్."

మాత్ర సీసాలో వేసి మూత బిగించాడు. లిఫ్టులు బాగుచేసే మనిషి కదా, ఏ మూతైనా అవసరానికి మించి బిగిస్తాడు. తర్వాత వంటింట్లోకి వెళ్ళి కాఫీ కలుపుకుని, పొగలు కక్కుతుండగానే, అక్కడే నిలబడి ఒక్కడే తాగేశాడు. ఎంత తప్పు చేశానో నాకప్పుడు తెలిసొచ్చింది. తిట్టి ఉంటే బాగుండేది.

నాలుగు రోజులు ఎవరి అన్నం వాళ్ళే వడ్డించుకు తిన్నాం. గురువారం నేను బయలుదేరుతుంటే, చొక్కా మార్చుకుని గుమ్మంలో నిలబడి ఉన్నాడు.

"కోపం పోయిందా?" అన్నాను.

"లేదు. నీ మీద కోపం, మీ అక్క మీద కోపం, అడక్కుండా మోసపోయినందుకు నా మీద కోపం. కానీ ఆవిడ మనిషిని వెంటబెట్టుకు రమ్మందన్నావు కదా. సెలవు పెట్టాను. పద."

సూదమ్మ ముందు తిమ్మిరెక్కే క్రీము రాసింది. రంగులో ముంచిన దారం నుదుటి మీద లాగిపట్టి గీతలు కొట్టింది, కొలిచింది, చెరిపింది, మళ్ళీ కొట్టింది. అద్దం ఇచ్చి కూర్చుని చూసుకోమంది. అక్కా, నేను రోజూ పదిమందికి కళ్ళజోళ్ళు సరిచేసేదాన్ని. ఫ్రేము పై అంచు బొమ వెంబడి నడవాలి, అదే మా పనికి కొండగుర్తు. నా ముఖం మీద గీతే లేక ఇన్నాళ్ళూ మందపాటి నల్ల ఫ్రేము చాటున తిరిగాను. అద్దంలో ఆ రెండు గీతలు చూసి, ఓహో నా ముఖం ఇలా ఉండాల్సిందన్నమాట అనుకున్నాను. బొమల నొప్పి ఓర్చుకోవచ్చు. పెదాల దగ్గరికొచ్చేసరికి మాత్రం పట్టపగలే చుక్కలు కనబడ్డాయి. ఇష్టం కనుక అన్నాను కదా, అనుభవించాను.

ఆవిడ జాగ్రత్తలు చెబుతుంటే మా ఆయన జేబులోంచి చిన్న పుస్తకం తీసి రాసుకున్నాడు. మొదటి రోజు ఊరే తడి శుభ్రమైన గుడ్డతో అద్దాలి, మందు పలచగా రాయాలి, ఎండా ఆవిరీ తగలనివ్వకూడదు, వేలు అసలే పెట్టకూడదు. "పలచగా అంటే ఎంత మందాన?" అని అడిగాడు. ఆవిడకి నవ్వొచ్చింది. నాకూ వచ్చింది కానీ పెదాలు సాగలేదు.

రెండో రోజుకి బొమలు బొగ్గుతో దిద్దినట్టు నల్లగా తేలాయి. ఆ వారం షాపులో కౌంటరు దగ్గరికి పోకుండా వెనక గదిలో అద్దాలు అరగదీసుకుంటూ కూర్చున్నాను. అయినా మా పాత గిరాకీ ఒకాయన తొంగిచూసి, "ఎవరి మీదమ్మా అంత కోపం?" అని భయపడ్డాడు. ఐదో రోజుకి దురద మొదలైంది. ఆ సాయంత్రం టీవీ చూస్తుంటే నాకు తెలియకుండానే చెయ్యి పైకి లేచింది.

"చెయ్యి!" అన్నాడాయన. అచ్చం నీలాగే.

నాకు ఒళ్ళు మండిపోయింది. "నేను పన్నెండేళ్ళ పిల్లని కాను" అని అరిచాను.

"మరేం చెయ్యమంటావ్? చూస్తూ ఊరుకోమంటావా?"

"అడగండి. చెయ్యి ఎందుకు లేచిందో అడగండి. తిట్టడం, కొట్టడం, దాచడం, అన్నీ అయ్యాయి. అదొక్కటే ఎవరూ చెయ్యలేదు."

ఆయన టీవీ కట్టేసి అడిగాడు. చెప్పాను. నీకు కూడా ఎప్పుడూ చెప్పలేదు కనుక ఇక్కడ రాస్తున్నాను. నాన్న పోయిన ఏడాదే అమ్మ ఆసుపత్రిలో పడింది కదా. నువ్వు చదువు మానేసి పెట్టెలు కట్టే పనికి పోయేదానివి. నేను బడి నుంచి తిన్నగా ఆసుపత్రికి వచ్చేదాన్ని. పిల్లల్ని వార్డులోకి రానిచ్చేవాళ్ళు కాదు. నువ్వొచ్చేదాకా బయట బల్ల మీద నేనొక్కదాన్నే. తలుపు తెరుచుకున్నప్పుడల్లా ఎవరొస్తారో, ఏం చెబుతారో అని భయమేసేది. ఒక్క వెంట్రుక పీకితే ఆ ఒక్క క్షణం భయం ఆగేది. అంతేనక్కా. అందులో పిచ్చీ లేదు, పొగరూ లేదు. నువ్వొచ్చి "మళ్ళీ పీక్కున్నావా" అని చేతి మీద ఒక్కటేసేదానివి. కొట్టినందుకు కాదు నా బాధ. ఎందుకే అని ఒక్కసారైనా అడగలేదని.

నేనేదో గెలిచేశాననుకోకు. ఎనిమిదో రోజు స్నానాల గదిలో కుడి బొమ మీద పెచ్చొకటి గిల్లేశాను. అక్కడ గింజంత ఖాళీ పడింది. దాచకుండా తిన్నగా వెళ్ళి ఆయనకి చూపించాను. దగ్గరికొచ్చి చూసి, "ఆరు వారాలకి మళ్ళీ రమ్మంది కదా, అప్పుడు నింపుతుందిలే" అన్నాడు. మర్నాడు పొద్దున్న ఇద్దరం కాఫీ తాగాం, ఆగకుండా.

నీ
పిచ్చుక

*

పిచ్చుకా,

నీ ఉత్తరం చదివి వారం రోజులు ఒంటికాలి మీద లేచాను. ఇంత చేసిన నన్నా ఇలా అనేది, అనుకున్నాను. జవాబు మొదలుపెట్టి రెండు కాగితాలు చింపేశాను. రెండింట్లోనూ నేను నీకోసం మానుకున్నవన్నీ ఏకరువు పెట్టాను. పంపకపోవడమే మంచిదైంది.

నిన్న మరిదిగారు ఫోన్ చేశారు. నీకు చెప్పారో లేదో. నిలదీస్తారనుకుని నేనే ముందు అందుకున్నాను. "అవును బాబూ, అబద్ధమే ఆడాను. నా చెల్లెలి కోసం ఆడాను. ఇంకో వందసార్లయినా ఆడతాను."

ఆయన అంతా విన్నారు. "కోపం ఉంది వదినగారూ, లేదనను. కానీ ఇప్పుడు ఫోన్ చేసింది దానికి కాదు. ఒకటి అడుగుదామని. అత్తయ్యగారు ఆసుపత్రిలో ఉన్నప్పుడు తనకి పన్నెండేళ్ళట. మరి మీకు?"

పదహారు అన్నానే. ఇన్నేళ్ళలో నన్నామాట అడిగింది ఆయనొక్కరే. తర్వాత ఆయనకి చెప్పిందే నీకూ చెబుతున్నాను.

అమ్మ ఇక ఇంటికి రాదని డాక్టరు మొదటి నెలలోనే చెప్పేశాడు. పెద్దవాళ్ళెవరూ లేరా అని చుట్టూ చూసి, ఎవరూ లేక నాకే చెప్పాడు. చిన్నదానికి చెప్పొద్దని అమ్మ నాచేత ఒట్టు వేయించుకుంది. మూడు నెలలు ఆ మాట నోట్లో పెట్టుకుని నీకు అన్నం వడ్డించాను, జడ వేశాను. రోజురోజుకీ నీ బొమలు తరిగిపోతుంటే, నీకెలాగో తెలిసిపోయిందని హడలి చచ్చేదాన్ని. ఎందుకు పీక్కుంటున్నావే అని నేనడిగితే, అమ్మకెలా ఉందక్కా అని నువ్వడుగుతావు. నువ్వడిగితే నేను చెప్పేస్తాను. అందుకే అడగలేదు. నా చెయ్యి పైకి లేచింది, కొట్టాను.

థైరాయిడ్ అన్నదీ ఆ భయంతోనే. అప్పటికి అమ్మ పోయి పన్నెండేళ్ళు. అయినా ఎవరైనా నీ బొమల గురించి అడిగితే నేనింకా ఆ వార్డు గుమ్మంలోనే ఉన్నట్టుండేది.

ముప్పై ఏళ్ళు ఆలస్యంగా అడుగుతున్నాను. ఎందుకు పీక్కునేదానివే తల్లీ? నాకు రాశావు, చదివాను. అయినా నీ నోటితో వినాలని ఉంది. ఈ ఉత్తరం వెనకే, ఆదివారం మొదటి బండికి వస్తున్నాను.

అక్క