పొగ తినే నాచు

సూరత్, 14-9-2021

లచ్చవ్వ అక్కకు తమ్ముడు కొమురయ్య దండాలు. నేను బాగానే ఉన్నాను, దిగులు పడకు.

లాక్‌డౌన్‌లో మరమగ్గం పని పోయాక ఇచ్ఛాపూర్‌లో ఒక ఫ్యాక్టరీ నీటి తొట్లు చూసే పనికి కుదిరాను. మొదటి రోజు తొట్టి నిండా నాచు కనిపిస్తే తోడి పారబోశాను. ఇంజినీరు విజేత మేడమ్, మన తెలుగామే, పరుగున వచ్చి, "అన్నా, అదే మన పంట. ఫ్యాక్టరీ పొగ తిని పెరుగుతుంది" అన్నది.

"నాచు పొగ తినుడేంది మేడమ్?" అన్నాను. ఆమె ఫ్యాక్టరీ పొగను తొట్టి నీళ్లలోకి తెచ్చే గొట్టం చూపించింది. నాకు బుడగలే కనిపించాయి. ఇప్పటికీ అర్థం కాలేదు.

అవ్వకు కరోనా రెండో సూది వేయించావా? నేను ముందు పనిచేసిన జోల్వాలో మగ్గాలు మళ్లీ తెరిచారు, పాత సేఠ్ రమ్మంటున్నాడు. తెలిసిన పనికి పోవాలా, తెలియని దాంట్లో ఉండాలా, నువ్వే చెప్పు. ఈ తొట్ల పనికొచ్చాక, మగ్గాల దుమ్ముకు పట్టిన దగ్గు మాత్రం తగ్గింది.

బావకు దండాలు, మేనకోడలు జమునకు దీవెనలు.