ఇమ్రాన్ ఒక్కడే చూసిన చివరి ఎపిసోడ్

బుధవారం

ఇమ్రాన్ మోసం చేశాడు. ఇద్దరం కలిసి చూద్దామని దాచుకున్న ఇంగ్లీషు అంతరిక్ష సీరియల్ చివరి ఎపిసోడ్‌ను ఇప్పుడు తానుంటున్న తూప్రాన్ రూములో ఒక్కడే చూసేశాడు.

"తెలుగుల వచ్చిందిరా. నువ్వు లేకున్నా సమజైంది" అన్నాడు ఫోన్‌లో.

ఆ మాటే గుచ్చుకుంది. టెంత్ తప్పిన నేను డిక్షనరీ పట్టుకుని ఇంగ్లీషు నేర్చుకున్నదే, వాడికి ఒక్కో డైలాగూ ఆపి చెప్పడానికి. పైలట్ చెడిపోయిన రేడియోలో భార్యతో మాట్లాడే ఎపిసోడ్‌ను ఇక్కడ మెదక్‌లో ఒక వెల్డింగ్ షాపు వెనక కూర్చుని తొమ్మిదిసార్లు చూశాం. ప్రతిసారీ వాడు "ఆమె ఏమంటుందిరా?" అనేవాడు. ఆమె గొంతే వినబడదు. అయినా నేను ఏదో ఒకటి కల్పించి చెప్పేవాణ్ణి. ఇప్పుడు నన్ను అడిగేవాడు లేడు.

రేపు పొద్దున్నే మెసేజ్ పెడతాను: "ఆదివారం మెదక్ రా. నువ్వు చూసిందే మళ్ల చూద్దాం, ఇంగ్లీషుల. వస్తవో రావో శనివారం లోపల చెప్పు."