గివప్ అనని షావుకారు

భావనపాడు ఒడ్డున మసలే సమస్త పీతలకు, కాకులకు, గంపల దగ్గర కాపు కాసే పిల్లులకు తెలియజేయడమేమనగా: నేటి నుంచి ‘గివప్’ అనే ఇంగ్లీషు మాట మన ఊరి మాట. కాదన్నవారికి పులుసులో ముక్క వేయబడదు.

చిరంజీవి కుమారికి నాన్న ఆశీస్సులు. ఇక్కడ అందరమూ కులాసా. మీ అమ్మ గొంతు మరీ కులాసా. హాస్టలువాళ్లు ఫోను లాక్కున్నా నీ ఉత్తరం చక్కగా చేరింది. ఇంగ్లీషులో మాట్లాడే పరీక్ష నెగ్గావని చదివి ఒడ్డు మీదే చిందులేశాను. క్లాసులో అందరూ నవ్వారని, నర్సింగు మానేసి వచ్చేస్తానని ఏడుస్తూ రాసిన పిల్లవేనా నువ్వు!

‘గివప్’ మాట మనవాళ్లు ఇంకా వాడుతున్నారా అని అడిగావు. పరీక్షకు చదువుకుంటూ దాని అర్థాలన్నీ రాసి పంపావు కదా, ఏదీ వృథా పోలేదు. టెక్కలి బస్సులో ముసలమ్మకు సీటు వదలడమూ గివప్పే. పోలీసులకు లొంగిపోవడమూ అదేనట, అది మనకొద్దు. ఓటమి ఒప్పుకుని ఆగిపోవడం మాత్రం నా చేపల వేలానికి భలే పనికొచ్చింది. ఇదివరకు పాటలోంచి తప్పుకునేవాడు తల అడ్డంగా ఊపి వెనక్కి జరిగేవాడు. ఇప్పుడు అందరికీ వినబడేలా ‘గివప్’ అనాలి. వేలం వేసేవాణ్ని నేనే కాబట్టి రూలూ నాదే.

మొన్న వంజరం గంప దగ్గర నౌపడ షావుకారు తిరుమలరావు ఇరుక్కున్నాడు. పోటీగా పాడుతున్నది మీ గౌరి పిన్ని.

“గివప్ అను బాబూ, నోరు పడిపోదు!” అంది గౌరి.

“నానెందుకంతాను? నువ్వే అను!”

“ఓస్, మీసానికి అడ్డొచ్చిందేటి?” అని నా వైపు తిరిగింది. “ఇదిగో బావా, నా పాట పెంచుతన్నాను!”

ఆడమనిషి ముందు ఆ మాట అనలేక ఆయనా పెంచాడు, మళ్లీ పెంచాడు. ఆఖరికి గౌరే పకపకా నవ్వి “గివప్!” అనేసింది. గంప షావుకారుకి, పెరిగిన ధరతో పండగ వలలవాళ్లకి.

ఇక నువ్వు రాసిన అసలు సంగతి. అలవాటు మానేయడం అనే అర్థానికి, ‘నేను పాసయ్యేదాకా మా నానమ్మ చుట్ట మానేసింది’ అని చెప్పావట. మేడం చప్పట్లు కొట్టిందట. నానమ్మే అంత పని చేస్తే నేను చదువు వదిలేస్తానా అని ఉండిపోయానన్నావు. ఇప్పుడు పాసయ్యాను కదా, ఇక కాల్చుకోమను అని అనుమతి కూడా ఇచ్చావు.

మీ నానమ్మ అసిరమ్మకు ఆ అనుమతి చదివి వినిపించాను. నిప్పు వైపు నోట్లో పెట్టుకున్న చుట్ట తీసి నా వైపు గుర్రుగా చూసింది.

“నానెప్పుడు మానేసినానురా, ఎదవా? మన గుంటకి ఏటి రాసినావు?”

నువ్వు సంచి సర్దుకుని వచ్చేయకుండా ఏదో ఒకటి రాయాలి కదమ్మా. చుట్ట మానడం మొదటి నుంచి చివరి దాకా నేను అల్లిందే. మీ మేడంకి మాత్రం చెప్పకు.

ఇట్లు,
పాసైన గుంటకి తండ్రి,
ఎల్లాజీ